తెలిసినదాన్ని మళ్ళీ చదవాలా? – పరీక్ష రాసి క్రెడిట్లు పొందే పద్ధతి వెనుక కథ

మన కుటుంబాల్లో పిల్లలు కాలేజీకి వెళ్ళే ఏడు వచ్చేసరికి ఒక లెక్క మొదలవుతుంది. డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు కావాలి. ఒక్కొక్క క్రెడిట్‌కు ఇంతని ఫీజు. అందులో కొన్ని పాఠాలు అమ్మాయి హైస్కూల్లోనే చదివేసింది. మరో ఇంట్లో, గుంటూరులోనో వరంగల్లులోనో బి.యస్సీ. ప్యాసై, పెళ్ళి తరువాత ఇక్కడికి వచ్చిన ఇల్లాలు మళ్ళీ చదువుకోవాలనుకుంటుంది. ఆమెను కాలేజీ ఆల్జీబ్రా దగ్గర నుంచి మొదలుపెట్టమంటారు. తెలిసినదానికే మళ్ళీ డబ్బూ కాలమూ ఎందుకు ఖర్చుపెట్టాలి? ఈ ప్రశ్న మనం కొత్తగా వేస్తున్నది కాదు. దీనికి నూటయాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అందులో మనవాళ్ళ పాలు కూడా కొంత ఉంది. దాన్ని పాఠకుల ముందు ఉంచుదామని ఈ వ్యాసం.

ముందుగా, చదువును గంటల్లో కొలిచే అలవాటు ఎక్కడిదో చూద్దాం. దాని పుట్టుక విచిత్రమైనది. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ 1905లో కోటి డాలర్లతో ఒక నిధి ఏర్పాటు చేశాడు. అది కాలేజీ ప్రొఫెసర్లకు పింఛన్లు ఇవ్వడానికి. అయితే ఏది నిజమైన కాలేజీ, ఏది కాదు అన్నది తేలితే కదా పింఛను ఇచ్చేది! అందుకని హైస్కూల్లో కనీసం 14 యూనిట్లు చదివినవారినే చేర్చుకోవాలని ఆ సంస్థ షరతు పెట్టింది. ఒక విషయాన్ని ఏడాదిలో 120 గంటలు చదివితే ఒక యూనిట్. పింఛను మీద ఆశతో కాలేజీలన్నీ ఈ కొలతకు అలవాటు పడ్డాయి. కాలేజీ పాఠాలను వారానికిన్ని గంటలని లెక్కించే క్రెడిట్ పద్ధతి కూడా ఆ రోజుల్లోనే స్థిరపడింది. విద్యార్థికి ఎంత వచ్చిందో కొలవడానికి పుట్టింది కాదది. పద్దులు రాసుకోవడానికి పనికొచ్చిన కొలబద్ద, రానురాను చదువుకే కొలబద్ద అయి కూర్చుంది.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి అంతకు యాభై ఏళ్ళ ముందే ఇంగ్లండులో తెరుచుకుంది. 1858లో లండన్ విశ్వవిద్యాలయం తన పరీక్షలకు ఏ కాలేజీలో చదివారన్న నియమాన్ని ఎత్తివేసింది. ఇంట్లో చదువుకున్నా, రాత్రిపూట దీపం ముందు చదువుకున్నా, పరీక్ష ప్యాసైతే పట్టా ఇస్తామంది. 1865 నాటికి మారిషస్‌లో కూడా ఆ పరీక్షలు జరిగాయి. 1878లో స్త్రీలకూ ఆ డిగ్రీలు అందుబాటులోకి వచ్చాయి.

1857లో స్థాపించిన మద్రాసు విశ్వవిద్యాలయానికి మాతృక ఈ లండన్ విశ్వవిద్యాలయమే. కాలేజీలు పాఠం చెప్పేవి, విశ్వవిద్యాలయం పరీక్ష పెట్టేది. మన తాతలు మెట్రిక్, ఎఫ్.ఏ., బి.ఏ. అని చెప్పుకున్న చదువులన్నీ ఆ చెట్టు కొమ్మలే. దాని మంచీ చెడూ రెండూ మనకు తెలుసు. పరీక్షే సర్వస్వమైనప్పుడు చదువు కంఠస్థంగా మారుతుంది. నోట్సులూ గైడ్లూ గ్రంథాల స్థానాన్ని ఆక్రమిస్తాయి. విశ్వవిద్యాలయాలు పరీక్షలు పెట్టి ఊరుకోకుండా బోధన కూడా చేపట్టాలని 1904 నాటి చట్టం చెప్పింది ఇందుకే.

కాని గడప దాటలేనివారికి ఆ పరీక్షే దారి చూపింది. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. బడి చదువు చిన్ననాడే ఆగింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి వచ్చిన తరువాత ఆమె సొంతంగా చదువుకుని, కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కట్టి ప్యాసయ్యారు. ఆ తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ., మద్రాసులో లా. ఆమె 1937లో మద్రాసులో ప్రారంభించిన ఆంధ్ర మహిళా సభ మొదట చేసిన పనుల్లో ఒకటి, తెలుగు ఆడపిల్లలను అదే కాశీ మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం. బడి మానేసి ఏళ్ళయిన ఆడపిల్లను చిన్న తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చోమంటే కూర్చోదు. ఇంత చదివి ఈ పరీక్ష రాయమంటే రాస్తుంది. ఈ చిన్న సత్యాన్ని దుర్గాబాయి తన అనుభవంతో గ్రహించారు.

1918లో మద్రాసులో మొదలైన దక్షిణ భారత హిందీ ప్రచార ఉద్యమం సంగతీ అంతే. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ అని వరసగా పరీక్షలు. వంటా పిల్లలూ చూసుకుంటూనే ఇవి రాసి, హిందీ పండితులుగా ఉద్యోగాలు చేసిన స్త్రీలు మన బంధువర్గంలో ఒకరైనా ఉండకపోరు.

ఇక అమెరికాకు వద్దాం. 1931లో షికాగో విశ్వవిద్యాలయం ఒక కొత్త పద్ధతి ప్రవేశపెట్టింది. తరగతికి హాజరు తప్పనిసరి కాదు. సిద్ధమయ్యానని విద్యార్థి అనుకున్నప్పుడు సమగ్ర పరీక్షకు కూర్చోవచ్చు. అది ఒక్క విశ్వవిద్యాలయం మాట. దేశమంతా ఈ దారి పట్టడానికి యుద్ధం రావలసివచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక చాలా కాలేజీలు సైనికులకు, వారు ఏమి నేర్చుకున్నదీ చూడకుండా, గంపగుత్తగా క్రెడిట్లు ఇచ్చాయి. అందువల్ల మేలు కంటే చెడుపే ఎక్కువ జరిగిందని విద్యావేత్తలు భావించారు. కాబట్టి రెండవ యుద్ధంలో ముందే జాగ్రత్తపడ్డారు. 1942లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మేడిసన్‌లో సైనికులకు పోస్టు ద్వారా పాఠాలు చెప్పే సంస్థ ఒకటి మొదలైంది. దానికి పరీక్షలు తయారుచేసిన బృందానికి నాయకుడు షికాగో పరీక్షల అధికారి రాల్ఫ్ టైలర్. హైస్కూలు పూర్తి చేయనివారికి జి.ఇ.డి. పరీక్ష పుట్టిందీ ఆ రోజుల్లోనే. సైన్యంలో నేర్పిన రేడియో పనికీ, యంత్రాల మరమ్మత్తుకూ ఎన్ని క్రెడిట్లు ఇవ్వవచ్చో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ లెక్కగట్టి సిఫార్సు చేసింది. 1944 నాటి జి.ఐ. బిల్లు కింద సుమారు 22 లక్షల మంది మాజీ సైనికులు కాలేజీ మెట్లెక్కారు. అన్ని లక్షల మందిని ఒకే బెంచీ మీద మొదటినుంచి కూర్చోబెట్టడం కుదిరే పని కాదు.

తరువాతి అడుగు హైస్కూలు పిల్లల కోసం. కెన్యన్ కాలేజీ అధ్యక్షుడు గోర్డన్ చామర్స్ ప్రోద్బలంతో 1950ల మొదట్లో ప్రారంభమైన ప్రయోగాన్ని 1955లో కాలేజీ బోర్డు చేపట్టింది. అదే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఏ.పి. అంటే మనకు మొదట ఆంధ్రప్రదేశ్ గుర్తొస్తుంది గాని, మన పిల్లలకు ఇదే ఏ.పి.! పెద్దవాళ్ళ కోసం 1967లో అదే బోర్డు క్లెప్ పరీక్షలు మొదలుపెట్టింది. ఎక్కడ నేర్చుకున్నారు, ఎప్పుడు నేర్చుకున్నారు అన్నది వీటికి అనవసరం. 1971లో న్యూయార్క్ రాష్ట్రం, 1972లో న్యూజెర్సీ మరో అడుగు ముందుకు వేశాయి. తరగతి గదులే లేకుండా, పరీక్షల మీదా ఇతర చోట్ల చదివిన క్రెడిట్ల మీదా డిగ్రీలిచ్చే ఏర్పాటు చేశాయి. న్యూజెర్సీ కాలేజీకి థామస్ ఎడిసన్ పేరు పెట్టారు. బడిలో నాలుగు నాళ్ళయినా నిలవని మనిషి పేరు దానికి తగినదే.

మన రాష్ట్రంలో 1982లో నెలకొన్న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ఇంటర్ లేనివారిని అర్హత పరీక్ష ద్వారా చేర్చుకుంది. భారతదేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే.

ఇక్కడికి వచ్చిన మన డాక్టర్ల అనుభవాన్ని కూడా ఈ చరిత్రలో చేర్చుకోవాలి. విదేశాల్లో చదివిన వైద్యుల కోసం ఇ.సి.ఎఫ్.ఎం.జి. సంస్థ 1958లో పరీక్షలు మొదలుపెట్టింది. 1965 వలస చట్టం తరువాత గుంటూరు, విశాఖపట్నం, ఉస్మానియా వైద్య కళాశాలల్లో చదివిన ఎందరో ఆ ద్వారం గుండానే వచ్చారు. వారి పుస్తక జ్ఞానాన్ని పరీక్ష ఒప్పుకుంది. అక్కడి ఆస్పత్రుల్లో పొందిన శిక్షణను మాత్రం ఒప్పుకోలేదు. ఇండియాలో స్పెషలిస్టుగా పేరు తెచ్చుకున్న వైద్యుడు సైతం ఇక్కడ మళ్ళీ రెసిడెన్సీ చేయవలసి వచ్చేది. పరీక్ష దేన్ని కొలవగలదో దాన్నే గుర్తిస్తుంది. ఈ లోపాన్ని సవరించడానికే 1974 నుంచి కొన్ని సంస్థలు, చేసిన పనికి ఆధారాలు చూపి క్రెడిట్లు అడిగే పద్ధతిని అభివృద్ధి చేశాయి.

ఇప్పుడు మన ఇళ్ళకు పనికివచ్చే సంగతులు నాలుగు. క్లెప్‌లో 34 విషయాలు ఉన్నాయి. మార్కులు 20 నుంచి 80 వరకు. 50 వస్తే క్రెడిట్ ఇవ్వవచ్చునని సిఫార్సు. అయితే ఇచ్చేదీ మానేదీ కాలేజీ ఇష్టం. ఏ పరీక్షకు ఎన్ని ఇస్తారో, మొత్తం మీద ఎన్నింటిని అనుమతిస్తారో ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. రెండవది, కొన్ని కాలేజీలు పై తరగతిలో కూర్చోనిస్తాయి గాని క్రెడిట్ ఇవ్వవు. ఈ రెండూ ఒకటి కావు. మూడవది, వైద్యం చదవదలచిన పిల్లలు తొందరపడరాదు. కెమిస్ట్రీ, బయాలజీలకు పరీక్ష క్రెడిట్లను ఒప్పుకోని మెడికల్ స్కూళ్ళు ఉన్నాయి. నాలుగవది, పునాది గట్టిగా లేనిచోట కాలిక్యులస్ ఎగ్గొట్టడం లాభం కాదు. మిగిలిన ఫీజు పై తరగతిలో వడ్డీతో సహా చెల్లించవలసి వస్తుంది.

చివరిగా మన భాష మాట. క్లెప్‌లో ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ ఉన్నాయి, తెలుగు లేదు. కాని నోటితో మాట్లాడించి స్థాయి నిర్ణయించే ఆక్ట్‌ఫుల్ పరీక్ష తెలుగులో కూడా ఉంది. ఇలాంటి ఫలితాలను క్రెడిట్లుగా లెక్కగట్టే కాలేజీలూ ఉన్నాయి. అమ్మమ్మతో మాట్లాడి నేర్చుకున్న తెలుగు కూడా చదువేనని ఒక రిజిస్ట్రారు కాగితం మీద రాయడం చిన్న విషయం కాదు. మన ఆదివారం తెలుగు బడిలో పెద్ద పిల్లలకు ఈ పరీక్షను దృష్టిలో పెట్టుకుని పాఠాలు చెప్పవచ్చునేమో సభ్యులు ఆలోచించాలని కోరుతున్నాము. తెలుగు వచ్చునని అనుకునే పిల్లలకు, తమకు ఎంత వచ్చో తెలుస్తుంది. రాదని సిగ్గుపడే పిల్లలు, తమకు తెలియకుండానే ఎంత నేర్చుకున్నారో చూసుకుంటారు.