దక్కన్ గుర్రం: రేవు నుంచి మంద దాకా

తెలుగు తీరానికి చెందినదని పేరు తెచ్చుకున్న గుర్రపు జాతి లేదు. దక్షిణాది తీరం గుర్రానికి పుట్టిల్లు కాలేదు. ఓడ దిగే రేవుగానే మిగిలింది. మొండి గుర్రం పుట్టింది లోపలి మెట్ట సీమలో.

13వ శతాబ్ది చివర పాండ్య దేశాన్ని చూసిన మార్కో పోలో, ఏటా వేల గుర్రాలు సముద్రం మీద వస్తాయనీ, సాకడం తెలియక వాటిలో చాలా భాగం చచ్చిపోతాయనీ రాశాడు. చచ్చినకొద్దీ రాజులు మళ్లీ కొనాల్సిందే. రెండు శతాబ్దాల తర్వాత రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ హొర్ముజ్ నుంచి ఒక గుర్రాన్ని తెచ్చి, బహమనీల రాజధాని బీదర్‌లో అమ్ముకున్నాడు. 1510లో గోవా చిక్కాక ఈ బేరంలో పోర్చుగీసులదే పైచేయి అయింది.

కొన్న గుర్రం కొలువుకు వన్నె తెచ్చింది. రాళ్ల దారిలో, కరువు మేతతో రోజుల తరబడి నడిచేది మాత్రం వేరు. భీమా నది లోయలో స్థానిక తట్టు గుర్రాలకూ అరబ్బు, తురుష్క గుర్రాలకూ సంకరమై భీమ్‌థడీ జాతి రూపుదిద్దుకుంది. ఎత్తు సుమారు 130 సెంటీమీటర్లే. మరాఠా రౌతుల వేగానికి ఇలాంటి తేలిక గుర్రాలే ఆధారం. 1728లో పాల్ఖేడ్ దగ్గర మొదటి బాజీరావు, బరువైన ఫిరంగులతో కదిలిన నిజాం సేనను ఆ వేగంతోనే అలయించి చుట్టుముట్టాడు.

1818లో పీష్వా రాజ్యం పోయింది. దానితో గుర్రానికి సైన్యపు గిరాకీ తగ్గింది. గొర్రెల మందలతో ఊరూరా తిరిగే ధన్‌గర్లు దాన్ని వదల్లేదు. వలసలో సామాను మోసేది అదే. ఫ్రాన్సులో రోన్ నది చిత్తడి నేలల్లోని కమార్గ్ గుర్రమూ ఎడ్ల మందల కాపరుల చేతిలోనే నిలిచి, 1978లో అధికారిక గుర్తింపు పొందింది. భీమ్‌థడీని 2023లో ప్రత్యేక జాతిగా నమోదు చేశారు. మన మాచెర్ల గొర్రెకూ అప్పుడే ఆ గుర్తింపు దక్కింది.

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో, మాళేగావ్ ఖండోబా జాతరలో నేటికీ గుర్రాల బేరాలు సాగుతున్నాయి. జాతి నిలవాలంటే పట్టికలో పేరొక్కటే చాలదు. మంద నడిచే దారి, దారి పొడవునా మేత ఉండాలి. సైన్యానికి అక్కర్లేకపోయిన గుర్రాన్ని కాపరి తన అవసరంతో కాపాడాడు. ఆ అవసరం తీరిపోతే కాపాడేవాళ్లెవరన్నదే ఇప్పుడు తేల్చుకోవలసిన సంగతి.