పెట్టె కొలత



ముప్పై యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడిని. జాలపుటల నిర్మాణంతో నాకేమి పని అని మీరడగవచ్చు. ఆ వృత్తిలోనే జీవిస్తున్న నా పూర్వశిష్యుడొకడు ఒక సాయంకాలం మా అరుగు మీద సుద్దముక్కతో పెట్టె గీసి, "మాస్టారూ, దీని వెడల్పెంతో చెప్పండి" అన్నాడు. ఆ ప్రశ్న వెనుక ఇంత చరిత్ర ఉన్నదని నాకప్పుడు తెలియదు. తెలిసిన తరువాత అది వ్యాకరణపాఠమనే తోచింది.

1994 అక్టోబరులో హోకన్ వియమ్ లీ అనే నార్వే దేశీయుడు ఒక ప్రతిపాదన చేశాడు. పుటలోని విషయం వేరుగా, దాని అలంకరణ వేరుగా ఉండాలన్నది దాని సారం. అదే సీఎస్ఎస్ అనే నియమావళికి మూలం. 1996 డిసెంబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దాని మొదటి స్థాయిని ఆమోదించింది. అందులో పెట్టెకొక లక్షణం చెప్పారు: వెడల్పు అంటే లోపలి విషయపు వెడల్పు మాత్రమే. చుట్టూ విడిచే ఖాళీ, అంచు దానికి అదనం. పటం కట్టేవాడి భాషలో చెప్పాలంటే, కొలత బొమ్మదే గాని చట్రానిది కాదు.

మైక్రోసాఫ్ట్ వారు ఈ విషయంలో వెనుకబడినవారేమీ కారు. ఆమోదముద్ర పడకముందే, 1996 ఆగస్టులో వెలువడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3లోనే సీఎస్ఎస్‌కు చోటిచ్చారు. కానీ విండోస్ మీది 5, 5.5 కూర్పులు చట్రంతో కలిపి కొలిచేవి. వెడల్పు 300 పిక్సెళ్ళనీ, ఇరువైపులా ఖాళీ ఇరవేసి, అంచు అయిదేసి అనీ వ్రాశామనుకోండి. నియమం ప్రకారం పెట్టె మొత్తం 350. ఎక్స్‌ప్లోరర్ లెక్కలో 300 మాత్రమే. ఆ యాభై పిక్సెళ్ళ తేడాతో పక్కపక్కన నిలవవలసిన రెండు వరుసలలో ఒకటి కిందికి జారిపోయేది.

దీనికి విరుగుడు కనిపెట్టిన టాంటెక్ చెలిక్ అప్పట్లో మైక్రోసాఫ్ట్‌లోనే పనిచేస్తూ ఉండడం విచిత్రం. పుటను గొంతుతో చదివి వినిపించేటప్పుడు ఏ స్వరం వాడాలో చెప్పే ఒక ఆదేశం సీఎస్ఎస్‌లో ఉన్నది. దానిలో కొటేషను గుర్తులను తిరకాసుగా పెట్టి, పాత ఎక్స్‌ప్లోరర్ అక్కడే చదవడం ఆపేలా చేసి, సరియైన కొలతను ఆ తరువాత వ్రాసేవారు. ఒక్క పెట్టెకు రెండు కొలతలు!

2001 ఆగస్టులో వచ్చిన 6వ కూర్పు నియమానికి లొంగింది. అయితే పుట మొదట తగిన డాక్‌టైపు ప్రకటన ఉంటేనే. దానికి పైన ఎక్స్ఎంఎల్ ప్రకటన ఒక్క పంక్తి చేరినా మళ్ళీ పాత లెక్కే. అర్ధపారదర్శకమైన పీఎన్‌జీ బొమ్మల వెనుక బూడిదరంగు పలక కనబడడం, పక్కకు జరిపిన పెట్టెల చుట్టూ ఖాళీ రెట్టింపు కావడం వంటి లోపాలు ఉండనే ఉన్నాయి. అప్పటికి పదిమంది పాఠకులలో తొమ్మిదిమందికి పైగా ఎక్స్‌ప్లోరర్‌నే వాడేవారు. పోటీ లేదు. 7వ కూర్పు 2006 అక్టోబరుకు గాని రాలేదు. అయిదేళ్ళు! అన్నాళ్ళూ నిర్మాతలు ఒకే పుటను నియమానికొకసారి, ఎక్స్‌ప్లోరరుకొకసారి వ్రాస్తూ రాత్రులు గడిపారు.

ఇక్కడితో ఆగితే ఇది పెద్ద సంస్థ మీద చాడీగా మిగిలేది. అసలు కథ ఆ తరువాత ఉన్నది. చట్రంతో కలిపి కొలవడమే పనికి సులువని నిర్మాతలే క్రమంగా గ్రహించారు. "బోర్డర్-బాక్స్" అనే పేరుతో ఆ పద్ధతి నియమావళిలోనే వికల్పంగా చేరింది. 2013లో వెలువడిన బూట్‌స్ట్రాప్ 3 దానినే అన్ని పెట్టెలకూ వర్తింపజేసింది. నిన్నటి అపశబ్దం నేడు సాధువైంది!

తెలుగువారికిది కొత్త కాదు. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పిన లక్షణానికి లొంగని రూపాలను పండితులు దోషాలన్నారు. గిడుగు రామమూర్తి వంటివారు జనం నోటి మాటకు నిలబడి వాదించారు. ఆ రూపాలలోనే నేడు మనం వ్రాస్తున్నాం. నేను పిల్లల వ్యాసాలలో ఎర్రసిరాతో కొట్టివేసిన మాటలు కొన్ని నా వ్రాతలోనే చేరాయి.

మరి ఎక్స్‌ప్లోరర్ దోషమేమిటి? దాని కొలత కాదు. వికల్పమని చెప్పి ఇస్తే అది వరమయ్యేది. అందరూ ఒప్పుకున్న మాటకు చెప్పకుండా వేరే అర్థం పెట్టుకోవడం, గెలిచిన తరువాత దిద్దుకొనడానికి తొందరపడకపోవడం, ఇవీ దోషాలు. వ్యవహారం లక్షణాన్ని మార్చవచ్చు. కానీ ఆ మార్పు పదిమంది ఒప్పుకోలుతో రావాలి, బలవంతుడి అలవాటుగా కాదు.

2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోరరుకు వీడ్కోలు చెప్పింది. ఆనాడు మా శిష్యుడికి ఫోను చేసి, "ఇప్పుడైనా చెప్పరా, పెట్టె వెడల్పెంత?" అని అడిగాను. "ఏ లెక్కో ముందు చెప్పండి మాస్టారూ!" అన్నాడు.

సరియైన జవాబు అదే.