నన్నారి షర్బత్, లోబాన్, సాలబ్ మిస్రీ: జడ్చర్ల తోటకు ఎందుకు వెళ్లాలి?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాద్ వెళ్లే మనలో చాలామందికి జడ్చర్ల అంటే బస్సు కిటికీలోంచి చూసే ఊరే. అక్కడి డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆవరణలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉంది. కాలేజీ వృక్షశాస్త్ర విభాగం దీన్ని పెంచింది. పూల కుండీలు, పచ్చిక బయళ్లు చూడాలనుకుని వెళ్తే నిరాశ తప్పదు. ఇక్కడున్నవి మన నేల మొక్కలు, వాటిలో నల్లమల అడవిలో అరుదుగా దొరికేవీ ఉన్నాయి.

ఈ మొక్కలతో మనకేం పని అనుకోవద్దు. రంజాన్‌లో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీదికి వచ్చే నన్నారి షర్బత్‌నే తీసుకోండి. దానికి రెండు రకాల వేర్లు వాడతారు. ఒకటి సుగంధిపాల. రెండోది మారేడు కొమ్ములు, లావుపాటి వేర్లుండే అడవి తీగ. వేరు మొత్తం తవ్వేస్తే తీగ చచ్చిపోతుంది. గిరాకీ పెరిగిన కొద్దీ అడవిలో ఇది తగ్గిపోతోంది. యునానీ హకీములు కుందుర్ అనేది అందుగు చెట్టు బంక. తపసి బంక కూడా చెట్టుకు గాటు పెట్టి తీసేదే. గాటు లోతుగా పడితే చెట్టు ఎండిపోతుంది.

ఇక సాలబ్ మిస్రీ. పన్సారీ దుకాణంలో బలానికని కొనే ఈ గడ్డ ఒక ఆర్కిడ్ మొక్కదని చాలామందికి తెలియదు. కిలో పొడి కావాలంటే వెయ్యికి పైగా గడ్డలు తవ్వాలి. తుర్కియేలో ఇదే పొడితో పాలు కాచి తాగుతారు. అడవిలో మొక్కలు అంతరిస్తున్నాయని ఆ దేశం అసలు సాలబ్ ఎగుమతిని ఆపేసింది. ఆర్కిడ్ జాతి మొత్తం సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వస్తుంది, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు.

మన దేశంలో 1,256 రకాల ఆర్కిడ్లు ఉన్నాయని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా 2019లో లెక్క చెప్పింది. మన వైపు చెట్ల కొమ్మల మీద కనిపించేది వాండా టెస్సెల్లాటా. పట్టీల్లాంటి ఆకులు, గళ్ల గుడ్డలా గీతలున్న పూలు, మంచి వాసన. పల్లెల్లో దీన్ని కూడా బదనిక అంటారు కానీ, అసలు బదనిక చెట్టు రసం పీల్చి బతుకుతుంది. ఆర్కిడ్ అలా కాదు, కొమ్మ మీద కూర్చుంటుందంతే. తెల్లటి వేర్లతో గాలిలోని తేమను, వాననీటిని పట్టుకుంటుంది. కాబట్టి మామిడి చెట్టు మీద కనిపిస్తే పీకేయకండి, చెట్టుకు నష్టం లేదు.

దీని విత్తనం దుమ్ములా ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు. ఒక రకం బూజు సాయం చేస్తేనే మొలుస్తుంది. అందుకే అడవి నుంచి తెచ్చి ఇంట్లో కుండీలో పెట్టిన ఆర్కిడ్ ఎక్కువగా బతకదు. నర్సరీల్లో అమ్మే రంగురంగులవి వేరు, అవి ల్యాబుల్లో తయారుచేసిన సంకర రకాలు.

అడవిలోనే చూడాలంటే మన్ననూర్ మీదుగా ఫరహాబాద్ వైపు వెళ్లొచ్చు. ఫరహ్ అంటే సంతోషం, పేరు పెట్టినవాళ్లు సరిగ్గానే పెట్టారు. కానీ అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. అక్కడ మొక్క పీకడం నేరం, ఔషధం కోసమన్నా సరే. అందుకే ఇలాంటి తోట అవసరం: పిల్లలకు మొక్కను పేరుతో సహా చూపించవచ్చు, అడవిని ముట్టుకోనక్కర్లేదు.

గద్వాల నుంచి రైల్లోనూ, 44వ నంబర్ జాతీయ రహదారి మీదుగానూ జడ్చర్ల చేరుకోవచ్చు. ఇది పార్కు కాదు, కాలేజీ. పనిదినాల్లో వెళ్లి, ముందు వృక్షశాస్త్ర విభాగంలో అడిగి లోపలికి వెళ్లండి. ఈసారి సాలబ్ మిస్రీ కొనేటప్పుడు దుకాణదారుని కూడా ఒక మాట అడగండి: ఇది సాగుచేసిందా, అడవిలో తవ్విందా?