చెవిలో నీళ్లు పోయాయా? పుల్లలు పెట్టొద్దు.. బావి ఈత నుంచి స్కూబా డైవింగ్ దాకా తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు

సాగర్ కుడి కాల్వకు నీళ్లొస్తే గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో పిల్లలు ఇంటిపట్టున ఉండరు. కాల్వ లేని ఊళ్లో వ్యవసాయ బావి ఉంటుంది. సెలవొస్తే సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం బీచ్‌లు ఉండనే ఉన్నాయి. విశాఖ రుషికొండ దాకా వెళ్లి స్కూబా డైవింగ్ చేసొచ్చే కుర్రాళ్లూ ఉన్నారు. ఎక్కడ మునిగినా బయటికొచ్చాక అందరిదీ ఒకటే మాట.. ‘చెవిలో నీళ్లు పోయాయి’. కానీ ప్రతిసారీ అవి నీళ్లే కాకపోవచ్చు. ఆ తేడా తెలియక ఇంట్లో చేసే వైద్యమే ఒక్కోసారి వినికిడికి ముప్పు తెస్తుంది.

నీళ్లు ఎక్కడిదాకా వెళ్తాయి?

చెవి రంధ్రం పొడవు పెద్దవాళ్లలో దాదాపు 2.5 సెంటీమీటర్లు. కాస్త వంకరగా వెళ్లి కర్ణభేరి దగ్గర ఆగిపోతుంది. కర్ణభేరికి చిల్లు లేకపోతే నీళ్లు అక్కడ్నుంచి లోపలికి పోలేవు. ‘తలలోకి నీళ్లెక్కాయి’ అన్న భయం అక్కర్లేదు. లోపల గులిమి గట్టిపడి ఉంటే మాత్రం నీళ్లకు అది ఉబ్బి చెవి దిబ్బడేస్తుంది.

ఇలా తీసేయండి

* తలను పక్కకు వంచి, చెవి డొప్పను పైకి, వెనక్కి మెల్లగా లాగాలి. చిన్నపిల్లలకైతే కిందికి, వెనక్కి లాగాలి. రంధ్రం తిన్నగా అయి నీళ్లు జారిపోతాయి.
* ఆ చెవి కింద తువ్వాలు పెట్టుకుని ఓ ఐదు నిమిషాలు పక్కకు తిరిగి పడుకున్నా చాలు.
* హెయిర్ డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిలో, చెవికి అడుగు దూరంలో పెట్టి ఆరబెట్టొచ్చు.
* బయట తడిని మెత్తటి గుడ్డతో తుడవాలి. గుడ్డ లోపలికి దూర్చొద్దు.

ఇవి అస్సలు చేయొద్దు

అగ్గిపుల్ల, పిన్నీసు, కోడి ఈక, పత్తి చుట్టిన పుల్ల.. ఏదీ చెవిలో పెట్టకూడదు. గులిమి ఇంకా లోపలికి పోతుంది, చర్మం గీరుకుపోతుంది, చేయి జారితే కర్ణభేరికే చిల్లు పడుతుంది. పత్తి పీచు లోపల ఉండిపోతే తడి పట్టుకుని కూర్చుంటుంది. వెల్లుల్లి కాచిన నూనె పోయడం కూడా వద్దు. వేడికి చర్మం కాలొచ్చు, తడికి తోడు నూనె జిడ్డు చేరుతుంది. మిర్చి కోతల్లోనో, యార్డులోనో పనిచేసి వచ్చిన చేత్తో చెవి గెలకొద్దు. ఆ మంట వేరే చెప్పాలా?

నొప్పి మొదలైతే..

తడి చెవిలో బ్యాక్టీరియా, ఫంగస్ తేలిగ్గా పెరుగుతాయి. ముందు దురద, తర్వాత నొప్పి, చీము. చెవి డొప్ప లాగినా, చెవి ముందున్న చిన్న బుడిపె నొక్కినా ప్రాణం పోయినంత నొప్పి వస్తే అది రంధ్రంలో ఇన్ఫెక్షన్ కావొచ్చు. దీన్నే ‘స్విమ్మర్స్ ఇయర్’ అంటారు. డాక్టర్ రాసిన చుక్కల మందుతో చాలామందికి తగ్గిపోతుంది. తగ్గేదాకా ఈత మానేయాలి. షుగర్ ఉన్నవాళ్లు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. వాళ్లలో ఇన్ఫెక్షన్ ఎముక దాకా పాకే ప్రమాదం ఉంది.

స్కూబాలో అసలు సమస్య నీళ్లు కాదు

డైవింగ్‌లో చెవికి పెద్ద గండం ఒత్తిడి. 10 మీటర్ల లోతుకు దిగితే ఒత్తిడి నీటిపైన ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. బయటి నీరు కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది. ముక్కు వెనక నుంచి మధ్య చెవికి వెళ్లే యూస్టేషియన్ ట్యూబ్ ద్వారా గాలి పంపి దాన్ని సరిచేసుకోవాలి. ముక్కు, నోరు మూసుకుని మెల్లగా గాలి ఊదడం, గుటక వేయడం అందుకే. నొప్పి వచ్చేదాకా ఆగకుండా, దిగడం మొదలైనప్పటి నుంచే ప్రతి అర మీటరుకో, మీటరుకో ఇలా చేస్తుండాలి. తెరుచుకోకపోతే కాస్త పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి. బలంగా ఊదితే లోపలి చెవి దెబ్బతినొచ్చు.

జలుబు ఉన్నరోజు డైవింగ్ వద్దు. ఆ ట్యూబ్ మూసుకుపోయి ఉంటుంది. ఈత కొలనులో వాడే ఇయర్ ప్లగ్స్ కూడా పనికిరావు. ప్లగ్‌కి, కర్ణభేరికి మధ్య గాలి చిక్కుకుంటుంది, ఒత్తిడికి ప్లగ్ లోపలికి దిగిపోతుంది.

నీటి అడుగున కర్ణభేరి చిరిగితే చల్లటి నీరు మధ్య చెవిలోకి చేరి ఒక్కసారిగా కళ్లు తిరుగుతాయి. పైకేదో, కిందికేదో తెలియదు. అప్పుడు కంగారుపడి ఒక్కసారిగా పైకి దూసుకెళ్లొద్దు. మామూలుగా శ్వాస తీసుకుంటూ ఇన్‌స్ట్రక్టర్‌కి సైగ చేయాలి. బుడగలు వెళ్లేదే పైవైపు.

బావి అడుగు ముట్టుకోవాలని పందెం కాసే పిల్లలకూ ఇదే లెక్క. 3 మీటర్ల లోతుకే ఒత్తిడి దాదాపు 30 శాతం పెరుగుతుంది. చెవి వాటంగా నీళ్లపై పడినా కర్ణభేరి చిరగొచ్చు.

రెండు రోజులైనా దిబ్బడ పోలేదా?

డైవింగ్ తర్వాత తల ఎంత వంచినా నీరు కారక, చెవి నిండుగానే అనిపిస్తుంటే అది బయటి నీరు కాకపోవచ్చు. ఒత్తిడికి కర్ణభేరి వెనక ఊరిన ద్రవం కావొచ్చు. దాన్ని వంచినా, గుడ్డతో తుడిచినా తీయలేం. చుక్కలు, నూనె పోయడం తప్పు. కర్ణభేరికి చిల్లు ఉంటే అవి నేరుగా మధ్య చెవిలోకి పోతాయి.

వినికిడి ఒక్కసారిగా తగ్గినా, చెవిలో హోరు, కళ్లు తిరగడం, రక్తం కనిపించినా అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవాలి. గుంటూరు జీజీహెచ్, ఒంగోలు రిమ్స్‌లలో ఈఎన్‌టీ విభాగాలున్నాయి. ఇదివరకే చెవి కారుతున్నవాళ్లు, కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా నీళ్లలో మునగొద్దు. స్నానం చేసేటప్పుడు వ్యాజిలిన్ రాసిన దూదిని చెవి మొదట్లో పెట్టుకుని, అయ్యాక తీసేయాలి. చెవికి దూదితో ఉన్న పని అంతవరకే.