పదిహేడు గేట్లు లేచాయి, ఒకటి లేవలేదు

2022 జులై 13, బుధవారం రాత్రి. నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టు మీద వాన తెరిపివ్వడం లేదు. రోజుల తరబడి ఉత్తర తెలంగాణ అంతా అదే ముసురు. జలాశయంలోకి వస్తున్న నీటి లెక్క గంటగంటకూ మారిపోతోంది. రెండు లక్షల క్యూసెక్కులన్నారు, మూడన్నారు, చివరికి 5 లక్షలు దాటిందన్నారు. గేట్లన్నీ పూర్తిగా ఎత్తినా ఈ ప్రాజెక్టు కిందికి వదలగలిగేది మూడు లక్షల లోపే. మొత్తం గేట్లు 18. ఆ రాత్రి లేచినవి 17.

కడెం వాగు తీరు తెలియనివాళ్లకు ఈ వేగం అర్థం కాదు. ఇది మైదానంలో తాపీగా పారే ఏరు కాదు. ఆదిలాబాద్ గుట్టల్లో పుట్టి, కుంతాల జలపాతంగా దూకి, అడవుల గుండా ఏటవాలుగా దిగి వస్తుంది. పైన కుండపోత కురిస్తే ఆ నీళ్లు కిందికి చేరడానికి రోజులు పట్టవు, గంటలు చాలు. అప్పటి లెక్క ప్రకారం 7.6 టీఎంసీల చిన్న జలాశయం. అంత నీటిని కడుపులో దాచుకునే చోటు లేదు. వచ్చింది వచ్చినట్టు వదలాల్సిందే.

వదలాలంటే గేట్లు లేవాలి. నీళ్లతో పాటు చెట్లు, మొద్దులు కొట్టుకొచ్చి గేట్లకు తగులుతున్నాయి. దిగువన డజను దాకా ఊళ్లను ఖాళీ చేయించారు. అర్ధరాత్రి పిల్లలను చంకన వేసుకుని, ముసలివాళ్లను పట్టుకుని, పశువుల పలుపులు విప్పి వదిలి, జనం ఎత్తయిన చోట్లకు చేరారు. ఇటు నీటిమట్టం గేట్ల తలలు దాటింది. గేట్ల మీదుగానే నీళ్లు దూకడం మొదలైంది.

నిజానికి అక్కడ అందరి భయం గేట్ల గురించి కాదు, వాటికి అటూ ఇటూ ఉన్న మట్టికట్ట గురించి. గేట్లున్న భాగం కాంక్రీటు, రాతికట్టు. మీదుగా నీళ్లు పొర్లినా అది కొంతసేపు ఓర్చుకుంటుంది. మట్టికట్ట ఓర్చుకోదు. జానెడు నీళ్లు కట్ట తల దాటి వెనక వాలు మీదికి జారాయా, ముందు గడ్డి లేచిపోతుంది. తర్వాత వాలు అడుగున చిన్న గాడి పడుతుంది. ఆ గాడి వెనక్కి వెనక్కి, పైకి పైకి కోసుకుంటూ కట్ట తలను చేరుతుంది. అక్కడికి చేరాక ఎన్ని ఇసుక బస్తాలు వేసినా లాభం లేదు. జలాశయం మొత్తం ఆ గాడిలోంచే దారి చేసుకుంటుంది.

కడెం ఈ పాఠం ఒకసారి నేర్చుకున్నదే.

1958 ఆగస్టు. ప్రాజెక్టు కట్టి ఇంకా తడి ఆరలేదు. అప్పట్లో ఉన్న గేట్లు తొమ్మిది. వరద ఎంత వచ్చినా కట్ట తలకూ నీటికీ మధ్య 2.4 మీటర్ల ఖాళీ మిగులుతుందని లెక్క వేశారు. వచ్చిన వరద సెకనుకు 14,700 ఘనపు మీటర్లు, అంటే సుమారు 5.2 లక్షల క్యూసెక్కులు. ఆ 2.4 మీటర్లనూ మింగేసి, కట్ట మీద ఇంకో 46 సెంటీమీటర్లు పొర్లింది. మోకాలి లోతు కూడా లేదు. ఆ కాసిన్ని నీళ్లకే ఎడమ పక్కన 137 మీటర్ల మేర గండి పడింది. కుడి పక్కన మరో రెండు చోట్ల తెగింది. ఆ దెబ్బతో మరో తొమ్మిది గేట్లు కలిపి ప్రాజెక్టును మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడున్న పద్దెనిమిది గేట్ల వెనక కథ ఇదే.

అంటే 1958లో వచ్చినంత వరదే 2022లోనూ వచ్చింది. అరవై నాలుగేళ్ల కిందటే ఈ వాగు తన సత్తా ఎంతో చూపించింది. అయినా గేట్లు రెట్టింపయ్యాక కూడా వదలగల నీరు మూడు లక్షల దగ్గరే ఆగింది. ఇది నన్ను చాలా రోజులు వేధించిన లెక్క.

తిరిగి ఆ రాత్రికి వద్దాం. కట్ట ఎడమ పక్కన, కాలువ వైపు గండి పడింది. నీళ్లు అటు కూడా దారి వెతుక్కున్నాయి. తెల్లవారేసరికి పైనుంచి వచ్చే వరద తగ్గుముఖం పట్టింది. జులై 14 ఉదయం చూస్తే జలాశయం నిండా చెత్త, మొద్దులు, చీలికలైన చెట్లు. ప్రధాన కట్ట మాత్రం నిలిచే ఉంది. అదే రోజు దిగువన గోదావరి మీద అన్నారం, కన్నెపల్లి పంపుహౌస్‌లు మునిగాయి, మంథని నీళ్లలో చిక్కింది. ఆ వరద మీదికి కడెం కూడా తెగి పడి ఉంటే దాని దిగువనే గోదావరి మీదున్న ఎల్లంపల్లి ప్రాజెక్టు ఏమయ్యేదో ఊహించడానికే ఒళ్లు జలదరిస్తుంది.

మూడు రోజుల తర్వాత, జులై 17న, వరద ప్రాంతాల పర్యటనలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కడెం నిలవడం దేవుడి దయ అన్నారు. కాదనడానికి మనమెవరం. కానీ ఆ దయకు రెండు లౌకిక కారణాలూ ఉన్నాయి. ఒకటి, ఎడమ పక్క గండి కొంత నీటిని పక్కకు లాగింది. రెండు, వరద మరికొన్ని గంటలు అదే ఉధృతితో కొనసాగలేదు. ఈ రెంటిలో ఏదీ మనం చేసిన ఏర్పాటు కాదు.

మన ఏర్పాటు ఎలా ఉందో మరుసటి ఏడే తేలింది. 2023 జులై 27న మళ్లీ వరద వచ్చింది. ఈసారి లేవని గేట్లు ఒకటి కాదు, నాలుగు. మళ్లీ నీళ్లు గేట్ల మీదుగా దూకాయి, మళ్లీ ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2021లో వచ్చిన డ్యామ్ భద్రతా చట్టం వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి తనిఖీ తప్పనిసరి చేసింది. తనిఖీ జరిగిందని ఫైలు చెప్పడం వేరు. మోటారు తిరుగుతుందా, తాడు పటిష్ఠంగా ఉందా, గేటు నిజంగా పైకి లేస్తుందా అని ఎండాకాలంలోనే ఎత్తి చూడటం వేరు. గ్రీజు డబ్బా, వైరు తాడు, జనరేటరుకు డీజిల్: వార్తల్లోకి ఎక్కని ఈ సరుకు మీదే వేల ప్రాణాలు ఆధారపడతాయి.

గేట్ల సంగతి అలా ఉంచితే, మట్టికట్ట చెప్పే ఆనవాళ్లు ఇంకా సూక్ష్మమైనవి. పాతకాలంలో మన చెరువులకు నీరటికాడు ఉండేవాడు. కట్ట పొడవునా నడిచి ఎక్కడ బుంగ పడింది, ఎక్కడ ఎండ్రికాయ బొరియ ఉంది, ఎక్కడ నేల చిత్తడిగా ఉందో చూసుకునేవాడు. పెద్ద కట్టలకు ఇప్పుడు అదే పని చేయడానికి పరికరాలున్నాయి. కట్ట అడుగున ఊటనీరు చేరే కాలువలో వి ఆకారపు గంటు చేసిన రేకు బిగిస్తారు. ఆ గంటులోంచి నీరు ఎంత ఎత్తున పారుతోందో స్కేలు పెట్టి చూసి పుస్తకంలో రాస్తారు. ప్రతి మట్టికట్టా ఎంతోకొంత ఊరుతుంది, అది తప్పు కాదు. జలాశయం మట్టం పెరగకుండా ఊట పెరిగితే మాత్రం ఆలోచించాలి. ఆ నీటిని గాజు సీసాలో పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తారు. తేటగా ఉంటే సరే. మట్టిరంగు తిరిగితే కట్ట లోపలినుంచి కరిగి బయటికొస్తోందని అర్థం. కట్ట లోపల నీరు ఎంత ఎత్తులో నిలిచిందో పీజోమీటరు అనే సన్నటి గొట్టం చెబుతుంది. గొట్టంలోకి టేపు దింపితే నీరు తగలగానే బీప్‌మంటుంది.

ఈ కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ కట్టలు ఆపేది నీళ్లను మాత్రమే కాదు. గోదావరి దాటి ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోకి అడుగు పెడితే, రామగుండం ఎన్టీపీసీ వారి కుందనపల్లి బూడిద చెరువు కనిపిస్తుంది. నాలుగు దశాబ్దాలుగా బొగ్గు కాల్చిన బూడిద అటు చేరుతోంది. గనుల వ్యర్థాలను నిల్వచేసే టెయిలింగ్స్ డ్యామ్‌ల బాపతే ఈ బూడిద చెరువులన్నీ. నీటి ప్రాజెక్టుకు నిండితే వదిలే గేట్లుంటాయి, ఎండాకాలంలో ఖాళీ అవుతుంది. బూడిద చెరువు ఏటేటా నిండడమే తప్ప తగ్గడం తక్కువ. నిండినప్పుడల్లా కట్ట ఎత్తు పెంచుతారు. ఆ పెంపు పాత బూడిద మీదే నిలబడితే, అడుగున తడి ఎంతుందన్నదే అసలు ప్రశ్న. తడి ఎక్కువైన మెత్తటి వ్యర్థం చూడటానికి నేలలా ఉంటుంది, ఒక్కసారి పట్టు తప్పితే పాయసంలా జారిపోతుంది.

బ్రెజిల్‌లో బ్రుమాదిన్యో గని దగ్గర 2019 జనవరి 25న అదే జరిగింది. 86 మీటర్ల ఎత్తున్న ఆ ఇనుప ఖనిజ వ్యర్థాల కట్ట 2016 నుంచి వాడకంలో లేదు. కూలడానికి నాలుగు నెలల ముందే అది భద్రంగా ఉందని ధ్రువపత్రం అందింది. మధ్యాహ్నం భోజనాల వేళ కట్ట ఒక్కసారిగా విరుచుకుపడింది. కింద క్యాంటీన్ ఉంది. సైరన్ మోగలేదు. 270 మంది పోయారు. అంత దూరం అక్కర్లేదు, 2020 ఏప్రిల్ 10న మధ్యప్రదేశ్ సింగ్రౌలీలో సాసన్ విద్యుత్ కేంద్రం బూడిద కట్ట తెగి ఆరుగురు చనిపోయారు.

కడెం నీటిమట్టం, వచ్చే వరద, పోయే వరద రోజూ పేపర్లో అచ్చవుతాయి. కాలువ కింది రైతు టీ తాగుతూ ఆ అంకెలు చదివి తన అంచనా తను వేసుకుంటాడు. బూడిద చెరువుల అంకెలకు ఆ భాగ్యం లేదు. ఏ బూడిద చెరువుకైనా ఊట ఎంత, గొట్టాల్లో మట్టమెంత, కట్ట తలకూ నీటికీ మధ్య ఖాళీ ఎంత అన్న మూడు అంకెలు చాలు. వారానికోసారి దిగువ ఊరి పంచాయతీ ఆఫీసు ముందు బోర్డు మీద సుద్దతో రాస్తే అయ్యే ఖర్చు ఏమీ లేదు. చదివి ప్రశ్నించేవాళ్లు ఈ జిల్లాల్లో కావలసినంత మంది ఉన్నారు.