భుజం నొప్పికీ ఊపిరికీ మధ్య

భుజం శస్త్రచికిత్సలో నొప్పి నివారణ చరిత్ర అంతా మెడలోని ఒక ఇరుకు చోటు చుట్టూ తిరుగుతుంది. భుజానికీ చేతికీ స్పర్శనిచ్చే బ్రేకియల్ నాడీజాలం రెండు స్కేలీన్ కండరాల సందులోంచి వెలువడుతుంది. వాటిలో ముందరి కండరం మీదుగానే ఉదరవితానాన్ని కదిలించి ఊపిరిని నడిపే ఫ్రెనిక్ నాడి కిందికి దిగుతుంది. ఒకదానిని నిద్రపుచ్చబోతే రెండవది కూడా మత్తులో పడుతుంది.

1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చవచ్చునని చూపాడు. ఆ వార్త అందిన కొద్ది కాలానికే న్యూయార్క్‌లో విలియం హాల్‌స్టెడ్ ఆ మందును నరాల మీద ప్రయోగించాడు. మెడను కోసి తెరిచి నాడీజాలానికే దానిని పట్టించాడు. తనమీద కూడా ప్రయోగాలు చేసుకుని కొకైన్‌కు బానిసయ్యాడు. 1911లో జర్మన్ వైద్యుడు కులెన్‌కాంఫ్ చర్మం కోయకుండా, మెడఎముక పైనుంచి సూదితోనే నాడీజాలాన్ని చేరే పద్ధతిని ప్రకటించాడు. అతడూ తొలుత తనమీదే పరీక్షించుకున్నాడు. అయితే సూది లోతుకు పోతే ఊపిరితిత్తికి చిల్లు పడే ప్రమాదం ఉండేది.

1970లో అమెరికన్ వైద్యుడు విన్నీ సూదిని ఇంకా పైకి, స్కేలీన్ కండరాల సందుకు మార్చాడు. ఈ ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ భుజం శస్త్రచికిత్సకు ప్రమాణంగా నిలిచింది. దాని మూల్యం 1991లో తెలిసివచ్చింది: ఉర్మీ బృందం పరీక్షించిన ప్రతి రోగిలోనూ ఆ వైపు ఉదరవితానం తాత్కాలికంగా చచ్చుబడింది. ఆరోగ్యవంతుడికి మిగిలిన సగం సరిపోతుంది. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాడికి సరిపోదు.

అక్కడినుంచి అన్వేషణ రెండు దారులు పట్టింది. మొదటిది మోతాదు తగ్గించడం. 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో అల్ట్రాసౌండ్ సాయంతో మందును 20 మిల్లీలీటర్ల నుంచి 5కు తగ్గిస్తే, చచ్చుబాటు 100 శాతం నుంచి 45 శాతానికి దిగింది. నొప్పి నివారణ తగ్గలేదు. రెండవది మెడను విడిచిపెట్టడం. 2007లో ప్రైస్ వివరించిన పద్ధతిలో సుప్రాస్కాపులర్, ఆక్సిలరీ నాడులను భుజం దగ్గరే మొద్దుబారుస్తారు. ఊపిరి భద్రం, తొలి గంటల్లో ఉపశమనం మాత్రం ఇంటర్‌స్కేలీన్‌కు కొంత తీసికట్టు.

ఎమిరేట్స్‌లోని కట్టడాల మీద బరువులు మోసే తెలుగు వలసకూలీకి భుజమే జీవనాధారం. సిమెంటు దుమ్ములో ఏళ్లు గడిపిన అతని ఊపిరితిత్తులు ఎట్లా ఉన్నాయో విచారించిన తర్వాతే సూది ఎక్కడ గుచ్చాలో నిర్ణయించాలి. నూరేళ్లకు పైబడిన ఈ చరిత్ర వైద్యుడికి నేర్పినది ఆ క్రమమే.