కలమూ, కంఠమూ

పాఠం వింటూ వ్రాసుకోవడం విద్యకు తోడా, ఆటంకమా? ఇస్లామీయ చరిత్రలో ఈ ప్రశ్న తొలి తరంలోనే తలెత్తింది. దైవప్రవక్త (స) పలుకులను హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) వ్రాసుకునేవారు. ఖురైషులు వారించగా మానివేశారు. వ్రాయమని దైవప్రవక్తే (స) ఆదేశించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) వ్రాయక కంఠస్థం చేశారు. ఖుర్ఆన్ తప్ప మరేమీ వ్రాయవద్దన్న ఉల్లేఖనం కూడా సహీహ్ ముస్లింలో ఉంది.

ఈ రెండు పక్షాల ఉల్లేఖనాలనూ ఖతీబ్ బగ్దాదీ (1002–1071) 'తఖ్యీదుల్ ఇల్మ్'లో సమకూర్చారు. వ్రాతను కొందరు వద్దనడానికి ఆయన చూపిన కారణాలలో ఒకటి, విద్యార్థి గ్రంథాన్ని నమ్ముకొని జ్ఞాపకాన్ని విడిచిపెడతాడేమోనన్న భయం.

ఆ భయం నిరాధారం కాదు. ఇమామ్ గజాలీ (1058–1111) జుర్జాన్‌లో చదివి తూస్‌కు తిరిగివస్తుండగా దొంగలు ఆయన వ్రాతప్రతులను దోచుకున్నారని సుబ్కీ ఉల్లేఖించారు. సంచి పోతే పోయే చదువు చదువెలా అవుతుందని దొంగల నాయకుడు నవ్వి, వాటిని తిరిగి ఇచ్చివేశాడట. అటుపై మూడేళ్ళు గజాలీ వాటిని కంఠస్థం చేశారు.

అయినా హదీసువేత్తలు కలాన్ని విడువలేదు, దానికి నియమాలు ఏర్పరచారు. వ్రాసినదాన్ని మూలంతో సరిపోల్చనిదే వ్రాసినట్లు కాదని ఉర్వా బిన్ జుబైర్ కుమారునికి చెప్పారు. ఈ నియమాలను చర్చించే ఖతీబ్ గ్రంథం 'అల్ కిఫాయా'ను హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ 1938లో ముద్రించింది.

కోనసీమలోని నగరం వంటి గ్రామంలో మక్తబులో వల్లెవేసి, బడిలో నోట్సు వ్రాసుకునే బాలునికీ ఇదే పాఠం: విని వ్రాయాలి, సరిచూడాలి, వల్లెవేయాలి. మొదటిదానితో ఆగితే కాగితం నిండుతుంది. విద్య మాత్రం మిగలదు.